విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ



ప్రతిదినము మన పాఠశాలకు వచ్చు త్రోవలో మీరు ఎన్నో వింతలు చూచుచుందురు. చిక్కపేట వీథులలో బట్టల అంగళ్లు, వాని ముందు బేరములాడు జనులు, నెత్తిపై మూటలతో పరుగులిడు కూలీలు, వీరి నడుమ దారి చేసికొనుచు మీరు వత్తురు. కొంచెము ప్రక్కకు మరలి బళేపేట చేరినచో వీణలు, తంబురలు, మృదంగములు అమ్ము దుకాణములు కానవచ్చును. ఎవరో మృదంగమునకు శ్రుతి కూర్చుచుండగా ఒక క్షణము నిలిచి వినిన దినములు మీకును ఉండవచ్చును. శ్రీరామనవమి వచ్చినదన్న మన కోట ఉన్నత పాఠశాల ఆవరణమున చాలకాలముగా జరుగుచు వచ్చిన సంగీతోత్సవము జ్ఞప్తికి వచ్చును. 1939లో ఆరంభమైన ఆ ఉత్సవమున కన్నడిగులు, తమిళులు, మలయాళులు వేదిక నెక్కి పాడుదురు. వారు పాడు కీర్తనలలో చాలభాగము తెలుగు కీర్తనలే.

గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశమున ఒక తండ్రి నన్నొక ప్రశ్న అడిగెను. తమ కుటుంబము మూడు తరములుగా ఈ పేటలోనే యున్నదనియు, అంగడిలో కన్నడము, బ్యాంకులో ఇంగ్లీషు, సరకు తెచ్చుచోట హిందీయో తమిళమో కావలసివచ్చుచున్నవనియు, ఇట్టి నగరమున తెలుగు చదివిన బిడ్డకు కలుగు ప్రయోజనమేమియనియు ఆతడు అడిగెను. ఆతని మాటలో కోపము లేదు; బిడ్డను గూర్చిన దిగులు కలదు. మన తరగతులలో ఏటేట ఒకటి రెండు బల్లలు ఖాళీ యగుటకు కారణమైన దిగులే అది. ఆ దినమున నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని. ఈ ఊరి పేరునే తన యింటిపేరుగా ధరించిన ఒక మహనీయురాలి చరిత్రను వ్రాసి ఆ బాకీ తీర్చుకొనుచున్నాను.

మైసూరు సీమలో కపిలానదీతీరమున నంజనగూడు అను పుణ్యక్షేత్రము కలదు. అచట 1878వ సంవత్సరము నవంబరు 3వ తేదీన నాగరత్నమ్మ జన్మించెను. తల్లి పుట్టలక్ష్మమ్మ దేవదాసీ కుటుంబమునకు చెందినది. దేవాలయములందును రాజాస్థానములందును ఆటపాటలతో సేవచేయు స్త్రీలను ఆ కాలమున దేవదాసీలని పిలుచుచుండిరి. ఇతర స్త్రీలకు అక్షరమే దొరకని దినములలో వారికి సంగీతము, నాట్యము, కావ్యములు వంశపారంపర్యముగ లభించెను. ఐనను సంఘము వారి విద్యను మెచ్చుకొనుచునే వారిని చిన్నచూపు చూచెను. తండ్రి సుబ్బారావు అను వకీలు. ఆతడు పసిబిడ్డను, తల్లిని విడిచిపోయెను.

దిక్కులేని ఆ తల్లీబిడ్డలకు మైసూరులో గిరిభట్ట తిమ్మయ్యగారను సంస్కృత పండితుడు ఆశ్రయమొసగెను. ఆయనకడ బాలిక సంస్కృతమును, సంగీతమును అభ్యసించెను. ఒకసారి వినినదానిని మరువని మేధ ఆమెది. కొంతకాలమునకు ఆ ఆశ్రయమును తప్పిపోయెను. అప్పుడు పుట్టలక్ష్మమ్మ, తన కుమార్తె మైసూరు తలయెత్తి చూచునంతటి విదుషి అగువఱకు ఆ నగరమున మరల అడుగిడనని శపథము పట్టినదని చెప్పుదురు. ఆ పిమ్మట గురువు కొఱకు ఊరూరు వెదకి, తుదకు ఆమె బిడ్డతో బెంగుళూరు చేరెను.

ఇచట మునుస్వామప్పగారు ఆ బాలికకు సంగీతగురువైరి. మీరు ఈ గురుపరంపరను కొంచెము శ్రద్ధగా గమనింపవలెను. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించి, కావేరీతీరమున తిరువయ్యారులో జీవించి, 1847లో సిద్ధిపొందిరి. వారి ఇంటివారు కాకర్లవారు, మాతృభాష తెలుగు. ఆయన ప్రియశిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతులొకరు. ఈయన సౌరాష్ట్రభాష మాటలాడు కుటుంబములోనివాడు. గురువు పాడిన కీర్తనలను వ్రాసి భద్రపఱచిన పుణ్యము ఆయనది. ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులు. కృష్ణస్వామి భాగవతుల శిష్యుడే మన మునుస్వామప్పగారు. తెలుగు పాట తమిళసీమలో పుట్టి, సౌరాష్ట్రుల యింట నిలిచి, కన్నడసీమలోని ఒక బాలిక గొంతుకు చేరెను. ఒక్క తరమువారు బద్ధకించినను ఆ దారము తెగిపోయెడిది.

బెంగుళూరులో ఆమె సంగీతముతోపాటు నాట్యమును నేర్చెను. కన్నడము, తెలుగు, సంస్కృతము, ఇంగ్లీషు చదివెను. తెలుగును ఆమె పాటకు వలసినంత మాత్రమే నేర్చి ఊరకుండలేదు. వ్యాకరణము, ఛందస్సు, ప్రబంధములు అన్నియు చదివెను. అభినయము చేయువారు పదముయొక్క అర్థమెఱుగక చేయి కదపరాదు గదా! పాడువారికిని ఆ నియమము వర్తించునని ఆమె నమ్మకము.

పదునాలుగవ ఏట ఆమెకు మాతృవియోగము కలిగెను. తల్లి శపథము మాత్రము వృథా పోలేదు. మరుసటి యేడే ఆమె మైసూరులో పాడి పండితుల మెప్పును, ఆస్థానమువారి ఆదరమును పొందెను. ఆ మీదట బెంగుళూరులో మైసూరు ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి నరహరిరావుగారు ఆమె విద్యను ఆదరించిరి. హనుమంతనగరము దెసనున్న నరహరిరాయన గుడ్డ ఆయన పేరిటిదే. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆమె మద్రాసునకు తరలిపోయెను. అప్పటికి దక్షిణదేశ సంగీతమునకు ఆ నగరమే పెద్ద అంగడి. ఊరు విడిచినను ఆమె ఊరిపేరు విడువలేదు. బెంగుళూరు నాగరత్నమ్మగనే ప్రసిద్ధి కెక్కెను.

ఆమె తన కచేరీల లెక్కను స్వయముగ వ్రాసి యుంచుకొనెను. 1905 మొదలు 1934 వఱకు 146 ఊళ్లలో 1,235 కచేరీలు! మైకులు లేని కాలము. రైలులోను బండిలోను ప్రయాణము. మూడు నాలుగు గంటల గానము. ఆ దినములలోనే గ్రామఫోను మన దేశమునకు వచ్చెను. యంత్రములో పాడినచో విద్య చులకన యగునని పలువురు విద్వాంసులు మొదట వెనుదీసిరి. స్త్రీలు పలువురు ముందుకు వచ్చి పాడిరి. నాగరత్నమ్మయు వారిలో నొకతె. ప్లేటునకు ఒక ప్రక్క మూడు నాలుగు నిమిషములకు మించి పట్టదు. గంటసేపు విస్తరింపవలసిన రాగమును అంతలో ఇముడ్చుట ఎట్టి సాధనయో ఆలోచింపుడు.

ఆమె జీవితమున రెండు గొప్ప పనులు కలవు. మొదటిది ఒక పుస్తకమునకు, రెండవది ఒక సమాధికి సంబంధించినది.

18వ శతాబ్దిలో తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని అను విదుషి యుండెను. ఆమెయు దేవదాసీ కుటుంబములోనిదే. ఆమె రాధికాసాంత్వనమను శృంగారకావ్యమును తెలుగున రచించెను. తాను పెంచిన ఇళను కృష్ణునకిచ్చి పెండ్లి చేసి, పిదప విరహమునకు లోనైన రాధను కృష్ణుడు ఊరడించుట అందలి కథ. 19వ శతాబ్దిలో ఆ కావ్యము ఒకసారి అచ్చైనను, కవయిత్రి తన వంశమును, తన విద్యను చెప్పుకొనిన పీఠికాభాగము అందు లేదు. నాగరత్నమ్మ ఆ ప్రతిని చదివి తృప్తినొందక, వ్రాతప్రతిని సంపాదించి, రెంటిని పోల్చి, లోపములను పూరించి, 1910లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ వారిచేత ముద్రింపించెను. అందు 584 పద్యములు కలవు.

కందుకూరి వీరేశలింగముగారు స్త్రీవిద్యకై పాటుపడిన మహానుభావులు. ఆయన పేరు మీ పాఠములలో చదివితిరి. అట్టి వారే ముద్దుపళని కావ్యమును స్త్రీ పలుకదగని పలుకులు కలదని నిందించిరి. నాగరత్నమ్మ తన పీఠికలో వారికి వినయముతోనే ఎదురు చెప్పెను. సిగ్గు స్త్రీలకు మాత్రమే విధింపబడిన ధర్మమా, పురుషులు వ్రాసిన ప్రబంధములలో ఇంతకు మించిన శృంగారము లేదా, పంతులుగారు స్వయముగ పరిష్కరించిన వైజయంతీవిలాసమున లేదా యని ఆమె ప్రశ్నించెను. ఆ వాదము యుక్తమైనదో కాదో పెద్దవారైన పిదప మీరే చదివి నిర్ణయింపుడు. పెద్దవారి యెడల గౌరవము చెడకుండ వారి మాటను కాదనుట ఎట్లో మాత్రము ఇప్పుడే నేర్చుకొనవచ్చును.

1911లో ప్రభుత్వమువారు ఆ పుస్తకము అశ్లీలమని తలచి ప్రతులను స్వాధీనము చేసికొనిరి. పండితులు మహజరులు పంపినను నిషేధము తొలగలేదు. ముప్పదియాఱు సంవత్సరములు గడచెను. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము ఆ నిషేధమును ఎత్తివేసెను. 1952లో వావిళ్లవారు దానిని మరల అచ్చువేసిరి. ముప్పది రెండేండ్ల ప్రాయమున నాగరత్నమ్మ చేపట్టిన పని ఆమె డెబ్బదిమూడవ ఏట గాని తుదముట్టలేదు.

ఇక రెండవ పని. త్యాగరాజస్వామి సమాధి తిరువయ్యారులో కావేరి యొడ్డున ఏండ్ల తరబడి మరుగుపడి యుండెను. 1903లో శిష్యపరంపరలోని ఉమయాళ్‌పురము సోదరులు దానిని వెదకి బాగుచేయించిరి. తరువాత ఆరాధనోత్సవములు మొదలయ్యెను గాని, ఉత్సవము చేయువారు రెండు పక్షములుగ చీలి తగవులాడుకొనుచుండగా, సమాధి స్థలము తిరిగి పాడుపడెను. ఆ దుస్థితిని కన్నులార చూచిన మైసూరు విద్వాంసులు బిడారం కృష్ణప్పగారు 1921లో నాగరత్నమ్మకు జాబు వ్రాసిరి.

ఆ జాబు అందిన నాటినుండి ఆమె మనస్సు మద్రాసులో నిలువలేదు. తిరువయ్యారు చేరి, స్థలమును సంపాదించి, ముండ్లకంపలు తీయించి, 1921 అక్టోబరులో ఆలయమునకు పునాది వేయించెను. 1925 జనవరిలో దానికి ప్రతిష్ఠ జరిగెను. ఈ వ్యయమంతయు ఆమె కచేరీలలో సంపాదించినది. చాలనప్పుడు నగలే ధనమయ్యెను. త్యాగరాజస్వామిపై అష్టోత్తరశత నామావళిని సంస్కృతమున కూర్చెను. ఒక కళాకారిణి తన గొంతుతో సంపాదించినదానిని, ఆ గొంతునకు పాటనిచ్చిన వారికే తిరిగి సమర్పించెను.

కాని ఎట్టి చిత్రమో చూడుడు! ఆమె కట్టించిన గుడి యెదుట జరుగు ఆరాధనలో ఆమె పాడుటకు వీలులేకపోయెను. స్త్రీలు, అందును దేవదాసీలు, అచట పాడరాదని ఉభయపక్షముల పెద్దలును కట్టడి చేసిరి. ఆమె రచ్చచేయలేదు, ఇంటికిని పోలేదు. 1927లో స్త్రీలనందఱను కూర్చి మూడవ పక్షమును ఏర్పఱచి, సమాధికి వెనుక దెసను వేఱుగ గానోత్సవము నడిపించెను. ఆ యేడే దేవదాసీ ప్రథను మాన్పింపవలెనని డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో తీర్మానము తేగా, తమ ఆస్తి హక్కులకును కళకును భంగము కలుగునని నాగరత్నమ్మ తన తోడివారితో కలిసి అభ్యంతరము తెలిపెను. 1947లో ఆ ప్రథ చట్టముచేత నిషేధింపబడెను. బాలికలను ఆ కట్టుబాటునుండి విడిపించుట న్యాయమేయని నేడు మనమందఱము ఒప్పుకొందుము. ఐనను ఆ స్త్రీలు కాపాడిన విద్యను గౌరవింపవలెనని ఆమె చేసిన విన్నపమును త్రోసివేయ నక్కఱలేదు.

ఇట్టి అడ్డంకులు మన దేశముననే కాదు. 1939లో మేరియన్ ఆండర్సన్ అను నల్లజాతి గాయనికి అమెరికా రాజధాని వాషింగ్టనులో ఒక ప్రసిద్ధ సభాభవనమున పాడుటకు అనుమతి దొరకలేదు. ఏప్రిల్ 9వ తేదీన ఆమె లింకను స్మారకము మెట్లపై నిలిచి పాడగా డెబ్బదియైదు వేలమంది బయట నిలిచి వినిరి. ఆమె కథ తిరువయ్యారున సమాధి వెనుక పాడిన స్త్రీల కథకు తోబుట్టువు.

తిరువయ్యారులో 1940 ప్రాంతమున మూడు పక్షములును ఏకమయ్యెను. స్త్రీలకు సమాధి యెదుట పాడు హక్కు లభించెను. నాగరత్నమ్మకు అప్పటికి అఱువది దాటెను. ఆమె తన శేషజీవితమును ఆ సన్నిధిలోనే గడపి, తన ఆస్తిని ఆ సేవకే వ్రాసియిచ్చి, 1952 మే 19వ తేదీన కన్నుమూసెను. త్యాగరాజస్వామి సన్నిధికి సమీపముననే ఆమె సమాధి కలదు. అందు ఆమె ప్రతిమ చేతులు జోడించి స్వామివైపు చూచుచుండును. నేడు ఏటేట పుష్య బహుళ పంచమినాడు అచట పంచరత్నములను పాడు గోష్ఠిలో స్త్రీలు వందలుగ కూర్చుందురు. తాము కూర్చున్న చోటు ఎవరి పుణ్యమో వారిలో ఎందఱికి తెలియునో!

చరిత్ర చదివి పుస్తకము మూసివేసినచో సంగీతకారిణిని ఎఱిగినట్లు కాదు. చెవులకును కొంత పని కావలెను. అందుచేత ఈ సెలవులలో మీరు వినదగినవానిని క్రమముగ చెప్పుచున్నాను. ఒకప్పుడు ధనవంతుల యిండ్లలో మాత్రమే దొరకిన ఈ గానము నేడు మీ తండ్రిగారి ఫోనులోనే దొరకును.

మొదట నాగరత్నమ్మ ప్లేట్లలో దొరకిన దానిని వినుడు. గరగర చప్పుడు విని విసుగుకొనకుడు. పాతగుడి తలుపు తెఱచునప్పుడు చప్పుడు కాదా? పిదప ఆమె సమకాలికురాలు వీణ ధనమ్మాళ్ 1932లో ఇచ్చిన ప్లేట్లు వినుడు. ఎంత తక్కువ మీటి ఎంత ఎక్కువ చెప్పవచ్చునో తెలియును. తరువాతి తరమున ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన త్యాగరాజ కీర్తనలు వినుడు. ఆమెయు దేవదాసీ కుటుంబమున పుట్టి దేశమంతట పూజలందిన గాయని. ఆపైన మన గోదావరిసీమలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గానము వినుడు. తెలుగుమాట విఱిగిపోకుండ రాగములో ఎట్లు నిలుచునో గమనింపుడు. కడపట ఆకాశవాణి ప్రసారము చేయు తిరువయ్యారు గోష్ఠిగానమున నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని పంచరత్నములను పుస్తకము చేతబట్టి వినుడు. ప్రతి చరణమునకు అర్థము వ్రాసికొని రండు. తెలియనిచోట తరగతిలో మాటలాడుకొందము.

మీ అన్నలు, అక్కలు వినెడి జాజ్, సోల్ అను అమెరికా పాటలను నేను వద్దనను. సోల్ గానమునకు రాణియనిపించుకొనిన ఆరీతా ఫ్రాంక్లిన్ చిన్ననాట తన తండ్రి చర్చిలో భక్తిగీతములు పాడియే ఆ విద్య నేర్చెను. ఆ గానము బానిసత్వపు బాధను అనుభవించినవారి సంతతి పెంచిన గానము. త్యాగయ్యను వినిన చెవి దానిని మఱింత బాగుగ వినగలదు.

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వత్తును. తెలుగు వచ్చినంత మాత్రమున బిడ్డకు ఉద్యోగము దొరకునని నేను చెప్పజాలను. బెంగుళూరులో బ్రతుకువారు కన్నడమును ప్రేమతో నేర్వవలెను; ఇంగ్లీషును వదలరాదు. నాగరత్నమ్మ చేసినదియు అదియే. ఆమె కన్నడనాట పుట్టి, తమిళసీమలో కన్నుమూసి, తెలుగు పుస్తకమునకు ప్రాణము పోసి, తెలుగు వాగ్గేయకారునకు గుడి కట్టించెను. ఏ భాష తన యింటిదో, ఏది పొరుగుదో ఆమె లెక్కింపలేదు. సేవచేసిన భాషయెల్ల ఆమెదే అయ్యెను.

తిరువయ్యారులో పాడువారిలో ఎందఱో తెలుగు రానివారు. వారు అర్థమును పుస్తకములలో వెదకికొని, అక్షరమక్షరము కంఠస్థము చేసి పాడుచున్నారు. మన బిడ్డకు ఆ అర్థము అమ్మ ఒడిలోనే వచ్చుచున్నది. పొరుగువారు తపస్సు చేసి సంపాదించుకొనుచున్న దానిని మనము ఇంటనుండియు పాఱవేసికొందమా? ఈ మాట ఆ తండ్రికి తరగతి గదిలో చెప్పలేకపోతిని. ఆతడు ఈ సంచికను ఇంటికి తీసికొనిపోయి, రాత్రి అంగడి మూసిన పిదప, బిడ్డచేత చదివించుకొని వినినచో నా బాకీ తీరినట్లే.